పెట్టెలో పట్టని ఒత్తు



ఒక తప్పును ఒప్పుకొని ఈ వ్యాసాన్ని ఆరంభిస్తాను. తప్పు నాది. ఇన్నేళ్ళుగా పిల్లల తప్పులు దిద్దుతూ వచ్చిన నేను, ఏ తప్పూ చేయని ఒక బిడ్డకు తప్పు వేశాను.

రాయగడ జిల్లాలోని మా పాఠశాలలో తెలుగు చదివే పిల్లలు కొద్దిమందే. వారిలో మూడవ తరగతి పాప ఒకతె. నిరుడు వర్షాకాలంలో ఒక భాషాభ్యాస యాప్‌లో పిల్లల చేత వాక్యాలు వ్రాయించాను. ఫోను నాది. "మీ వాళ్ళను గురించి ఒక వాక్యం వ్రాయండి" అని ప్రశ్న. దాని కింద ఖాళీ పెట్టె. ఆ పాప చాలాసేపు ఆలోచించి, ఒక్కొక్క మీటను వెదుక్కొని నొక్కి, ఫోనును నా చేతికిచ్చింది. పెట్టెలో నాకు కనబడిన వాక్యం ఇది: "మా అవ ఇంటిలో నల పిలి ఉంది."

"ఒత్తులేవమ్మా?" అన్నాను.

"పెట్టాను మాస్టారూ" అన్నది.

"పెడితే కనబడవా?" అన్నాను.

పాప మారు మాటాడలేదు. అంతా చెరిపి మళ్ళీ వ్రాసింది. మళ్ళీ అదే వాక్యం కనబడింది. నేను పుస్తకంలో తప్పు గుర్తు పెట్టాను. సాయంత్రం ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్లు తీసి, ఆమె తండ్రికి సందేశంగా పంపబోతూ చూశాను. సందేశంలో "మా అవ్వ ఇంటిలో నల్ల పిల్లి ఉంది" అని సలక్షణంగా ఉన్నది. ఒక్క ఒత్తు కూడా తప్పిపోలేదు. పాప రెండుసార్లూ సరిగానే వ్రాసింది. ఆ యాప్ చేసినవారి పెట్టె కింది అంచు ఒత్తులను మింగివేసింది. పాపను నమ్మవలసిన నేను పెట్టెను నమ్మాను.

మరునాడు ఆ పాపను పిలిచి, తప్పు నాదని చెప్పి, గుర్తు కొట్టివేశాను. అయినా నా మనసు కుదుటపడలేదు. ఇటువంటి పెట్టెల ముందు కూర్చుని, తాము వ్రాసినది తమకే కనబడక, తమకు తెలుగు రాదని నిశ్చయించుకొనే పిల్లలు ఇంకెందరు? అందుకే ఈ వ్యాసం.

తెలుగు లిపి సంగతి తెలియని వారికి ఇది అల్పంగా తోచవచ్చు. మన లిపి మూడంతస్తుల ఇల్లు. నడిమి అంతస్తులో అక్షరం ఉంటుంది. పై అంతస్తులో తలకట్టు, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం ఉంటాయి. కింది అంతస్తులో ఒత్తులు ఉంటాయి. "స్త్రీ" అనే ఒక్క అక్షరాన్ని చూడండి. పైన గుడిదీర్ఘం, నడుమ సకారం, కింద తకారపు ఒత్తు, దానిని ఆనుకొని రకారపు ఒత్తు. "రాష్ట్రము" అన్నా అంతే. ఇంగ్లీషు లిపికి ఇంత ఎత్తూ అక్కరలేదు, ఇంత లోతూ అక్కరలేదు. ఇంగ్లీషు అక్షరం కొలతకు కట్టిన పెట్టెలో తెలుగు అక్షరాన్ని పెడితే పైకప్పు ఎగిరిపోతుంది, లేదా పునాది తెగిపోతుంది.

పైకప్పు ఎగిరితే "కి"కి "కీ"కి భేదం పోతుంది. పునాది తెగితే ద్విత్వాలూ సంయుక్తాలూ పోతాయి. పెట్టె మరీ ఇరుకైతే మహాప్రాణాలు కూడా పోతాయి. పకారం కింద చిన్న గీత ఉంటేనే అది ఫకారం. దకారానికీ ధకారానికీ, చకారానికీ ఛకారానికీ, డకారానికీ ఢకారానికీ ఉన్న భేదం ఆ కింది గీతే. అది కనబడకపోతే ఫలము పలమవుతుంది, ధనము దనమవుతుంది. ఇక థకారంలోని చుక్క చిన్న ఖతిలో కంటికి ఆనదు. మా జిల్లా పేరు రాయగడ. ఆ పేరులో ఒత్తు లేదు, గుడి లేదు. ఎంత చెడ్డ పెట్టెలోనైనా అది క్షేమంగా ఉంటుంది. మా పొరుగున ఉన్న బిస్సంకటక్ అంత అదృష్టం చేసుకోలేదు. ఆ పెట్టెలో అది బిసంకటక్.

పాతకాలంలో మేము రెండవ తరగతి పిల్లలకు కాపీ పుస్తకం కొనేటప్పుడు గీతల మధ్య ఎడం చూసి కొనేవాళ్ళం. గీతలు ఇరుకుగా ఉంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. ఈ జ్ఞానం జయపురం వీధిలో పుస్తకాలమ్మే వ్యాపారికి కూడా ఉండేది. లక్షలమంది వాడే యాప్‌లు తయారుచేసేవారికి ఎందుకు లేకపోయింది?

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. అదే యాప్‌లో పాఠం చక్కగానే కనబడుతున్నది. శీర్షికలు అందంగా ఉన్నాయి. మంచి ఖతి, అంటే ఫాంటు, ఏరి తెచ్చి పెట్టారు. వరుసల మధ్య ఎడం ఇచ్చారు. వ్రాసే పెట్టె దగ్గరకు వచ్చేసరికి ఆ శ్రద్ధ అంతా మాయమైంది. కారణం తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాను. వెబ్ పుటలలో పుట మొత్తానికి ఒక ఖతిని నియమించినా, వ్రాసే పెట్టె ఆ నియమాన్ని తనంత తాను పాటించదు. బ్రౌజరు తనకు తోచిన ఖతిని, తనకు తోచిన పరిమాణాన్ని ఆ పెట్టెకు ఇస్తుంది. పుట ఖతినే పెట్టె కూడా వారసత్వంగా తీసుకోవాలని తయారీదారు విడిగా ఒక ఆజ్ఞ వ్రాయాలి. అది ఒక్క పంక్తి. ఆ ఒక్క పంక్తి వ్రాయడానికి ఎవరికీ తోచలేదు. ఫోను యాప్‌లలోనూ ఇటువంటిదే. పాఠానికి ఖతి పెట్టినంత మాత్రాన చాలదు. పెట్టెకు ఖతిని, ఎత్తును, వరుసల ఎడాన్ని వేరుగా చూసుకోవలసి ఉంటుంది.

నా అభియోగమంతా ఈ ఒక్క మాటలో ఉన్నది. చూపే చోట తెలుగు ఉన్నది, వ్రాసే చోట తెలుగు లేదు. పాఠాన్ని చూపేటప్పుడు మనం వారికి ప్రేక్షకులం, వినియోగదారులం. పెట్టెలో వ్రాసేటప్పుడు మనం మాట్లాడేవాళ్ళం. మన పేరు, మన జవాబు, మన ఫిర్యాదు, మన అర్జీ, అన్నీ ఆ పెట్టెలోనే వ్రాయాలి. ఒక భాషను చదవనిచ్చి వ్రాయనీయకపోవడం ఆ భాషను సగం మూగ చేయడమే. అల్పసంఖ్యాక భాషల పిల్లల విషయంలో ఆ సగమే చాలు, మిగిలిన సగం దానంతట అదే పోతుంది.

ఈ నిర్లక్ష్యం ఒక్క తయారీదారుతో వచ్చినదీ కాదు, నిన్న పుట్టినదీ కాదు. ఆండ్రాయిడ్ ఫోనులలో చాలా సంవత్సరాలపాటు తెలుగు వంటి ఎత్తైన లిపులకు కుదించిన ఖతినే ముందుగా వాడే పద్ధతి ఉండేది. ఎందుకు? నిండైన ఖతి పెడితే ఇంగ్లీషు కొలతకు కట్టిన తెరల పొందిక చెడిపోతుందట! పెట్టె చెడకుండా ఉండటానికి అక్షరాన్ని నొక్కిపెట్టారు. చెప్పు బిగుతుగా ఉన్నదని కాలు కోసుకునేవారిని ఎక్కడైనా చూశామా? 2024లో వెలువడిన ఆండ్రాయిడ్ 15తో ఈ పద్ధతి మారింది. ఆ సంచికను లక్ష్యంగా పెట్టుకొని తయారైన యాప్‌లలో నిండైన ఖతే సహజస్థితి అయింది. వ్రాసే పెట్టె కూడా ఆ భాషకు తగిన ఎత్తును ముందుగానే కేటాయించుకొనే ఏర్పాటు వచ్చింది. సంతోషమే. కానీ మా కొండ ఊళ్ళలో పిల్లల చేతికి అందేవి అన్నయ్యలు వాడి వదిలేసిన పాత ఫోనులు. పైగా పెట్టె ఎత్తును ఇన్ని చుక్కలని బిగించి కూర్చున్న యాప్‌కు ఏ సంచిక వచ్చినా ఉపకారం లేదు.

ఆ మార్పు వర్తించే లిపుల జాబితాలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, గుజరాతీలతో పాటు ఒడియా కూడా ఉన్నది. ఈ సంగతిని ప్రత్యేకంగా చెబుతున్నాను. నా మాటలు ఒడియా భాష మీద ఫిర్యాదుగా ఎవరూ తీసుకోవద్దు. మా పాఠశాలలో ఒడియా బోధించే మిత్రులు పక్క గదిలో ఇదే బాధ పడుతున్నారు. వారి యుక్తాక్షరాలు కూడా ఆ పెట్టెలోనే విరుగుతున్నాయి. ఈ తగవు తెలుగుకూ ఒడియాకూ కాదు. మన లిపులన్నిటికీ, ఇంగ్లీషు అక్షరం కొలతే లోకపు కొలత అనుకొనే అలసత్వానికీ.

పెట్టె చేసే అపచారం ఎత్తుతో ఆగదు. లెక్కలో కూడా అన్యాయం ఉన్నది. మనకు "జ్యోత్స్న" రెండు అక్షరాల పేరు. యంత్రం దృష్టిలో అది తొమ్మిది గుర్తులు. హల్లు ఒకటి, పొల్లు ఒకటి, మళ్ళీ హల్లు, ఓత్వం, ఇలా తొమ్మిది. "స్త్రీ" ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు. పేరుకు ఇన్నే గుర్తులు అని పరిమితి పెట్టిన పెట్టెలో ఇంగ్లీషు పేరు హాయిగా పడుతుంది, తెలుగు పేరు నడుమ తెగుతుంది. పాత ఎస్సెమ్మెస్ సందేశాలలోనూ ఇంతే. ఇంగ్లీషులో వ్రాస్తే ఒక సందేశానికి 160 గుర్తులు, తెలుగులో వ్రాస్తే 70. ఆనాటి పక్షపాతం నేటి పెట్టెలలో మరో రూపంలో కొనసాగుతున్నది.

ఒకసారి నేను ఒక దరఖాస్తు యాప్‌లో తండ్రి పేరు ఉన్న పెట్టెలో తెలుగులో వ్రాశాను. "అక్షరాలు మాత్రమే వ్రాయండి" అని ఎర్రని హెచ్చరిక వచ్చింది. నేను వ్రాసినవి అక్షరాలు కావా? తెలిసినవారు చెప్పిన కారణం ఇది. యూనికోడ్ వర్గీకరణలో మన హల్లులు అక్షరాలు, గుణింతపు గుర్తులూ పొల్లూ అక్షరాలకు చేర్చే గుర్తులు. పెట్టెను కాపలా కాసే నియమం అక్షరాలను మాత్రమే రానిచ్చి గుర్తులను తోసివేస్తుంది. గుణింతం లేకుండా తెలుగులో పేరు వ్రాయగలవారు ఎందరున్నారు? నామకరణం నాడు పెట్టుకున్న పేరును అక్షరం కాదన్న ఆ యంత్రానికి ఎవరు అక్షరాభ్యాసం చేయించాలి?

మరొక సూక్ష్మం ఉన్నది. "రాజ్‌కుమార్" అని వ్రాసేటప్పుడు జకారపు పొల్లుకూ కకారానికీ నడుమ కంటికి కనబడని విభజన గుర్తు ఒకటి ఉంటుంది. అది ఉంటేనే పొల్లు పొల్లుగా నిలుస్తుంది. కొన్ని పెట్టెలు కనబడని గుర్తులన్నిటినీ చెత్తగా భావించి ఊడ్చివేస్తాయి. అప్పుడు ఆ పేరు "రాజ్కుమార్" అయి, కకారం జకారం కింద ఒత్తుగా వేలాడుతుంది. సాఫ్ట్‌వేర్, కోరాపుట్‌లో వంటి మాటలకూ ఇదే గతి.

కొందరికి గుర్తుండే ఉంటుంది, 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్త అయింది. "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన వరుసలో, నడుమ ఆ కనబడని విభజన గుర్తుతో పంపితే ఐఫోనులలో యాప్‌లు కుప్పకూలేవి. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దోషాన్ని సరిచేసింది. అప్పుడు లోకమంతా తెలుగు అక్షరాన్ని చూసి నవ్వింది. ఫోనులను కూల్చే అక్షరమట! అక్షరానిది కాదు దోషం. ఆ అక్షరాన్ని మోయలేని యంత్రానిది. "జ్ఞానం" అనే మాట మొదటి అక్షరాన్ని మోయలేకపోయిన యంత్రాన్ని గురించి నేను వేరే వ్యాఖ్య చేయనక్కరలేదు. అయితే ఒక పాఠం మాత్రం ఉన్నది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టినప్పుడు కొద్ది రోజులలోనే మందు దొరికింది. మా మూడవ తరగతి పాప ఒత్తు పోతే గగ్గోలు పెట్టేవారెవరు?

ఇప్పుడు మాకు సాధారణంగా వచ్చే సమాధానాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

"మీరెంతమంది ఉన్నారు? కోరాపుట్, రాయగడల తెలుగువారి కోసం యాప్‌లు మార్చాలా?" అని ఒకరంటారు. అయ్యా, పెట్టె ఎత్తు జిల్లాను బట్టి మారదు. మా పాప కోసం సరిచేసిన పెట్టె శ్రీకాకుళం పిల్లకూ, వరంగల్లు పిల్లకూ, న్యూజెర్సీలో తెలుగు నేర్చుకొనే పిల్లకూ పనికివస్తుంది. ఒక్కసారి చేసే పని, కోట్లమందికి ఉపయోగం.

"ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు వ్రాసుకోవచ్చు గదా" అని ఇంకొకరంటారు. మూడవ తరగతి పిల్లకు తెలుగు వ్రాయడానికి ముందు ఇంగ్లీషు లిపి నేర్పాలన్నమాట! పోనీ వ్రాసిందే అనుకుందాం. ఇంగ్లీషు లిపిలో దకారానికీ డకారానికీ ఒకటే గుర్తు, లకారానికీ ళకారానికీ ఒకటే గుర్తు. "పది"కీ "పడి"కీ, "కల"కూ "కళ"కూ తేడా ఎక్కడ? భాష నేర్పవలసిన చోట భేదాలను చెరిపివేయడం విద్య కాదు.

"నోటితో చెబితే ఫోనే వ్రాసిపెడుతుంది" అనేవారు మూడవవారు. పెద్దవారికి అది సదుపాయం కావచ్చు. పిల్ల విషయంలో వ్రాసింది ఫోను, పిల్ల కాదు. నడక నేర్చుకొనే బిడ్డను ఎత్తుకొని తిప్పి, నడక వచ్చిందని చెప్పినట్లుంటుంది.

"ఫోను సెట్టింగులలో మీకు నచ్చిన ఖతి పెట్టుకోండి" అనేవారు నాలుగవవారు. అన్ని ఫోనులలో ఆ వీలు లేదు. ఉన్నచోట దొరికే ఖతులలో చాలావాటికి ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి. యాప్ తన ఖతిని తానే నిర్ణయించుకుంటే ఫోను మాట చెల్లదు. అక్షరం పెద్దది చేద్దామంటే, పెట్టె ఎత్తు బిగించి ఉన్నప్పుడు అక్షరం పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ తెగుతుంది. కళ్ళజోడు పెట్టుకొనే నా వంటివాడు అక్షరం పెద్దది చేసుకొని, ఒత్తులను ఇంకా పోగొట్టుకుంటున్నాడు!

ఖతులు లేవా అంటే, ఉన్నాయి. ఒకప్పుడు లేవన్నమాట నిజమే. ప్రతి వార్తాపత్రికకూ తనదైన ఖతి ఉండి, అది దింపుకుంటే తప్ప పుట చదవలేని రోజులు మనం చూశాము. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఖతులు వచ్చాయి. తరువాత సిలికానాంధ్ర చొరవతో ఎన్నో ఖతులు ఉచితంగా విడుదలయ్యాయి. గూగుల్ వారి నోటో ఖతులు ఉన్నాయి. ఎవరైనా తమ యాప్‌లో పెట్టుకోవడానికి అనుమతి ఉన్న ఖతులివి, రుసుము లేదు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుండి ఖతిని యాప్‌లో భాగంగా చేర్చి, ఏ పెట్టెకు కావాలంటే ఆ పెట్టెకు కేటాయించడం మరీ సులభమైంది. ఒక ఖతి ఫైలు మన ఫోను తీసే ఒక ఫోటో కన్న చిన్నది. ఇక ఖర్చు అనే మాట ఎక్కడిది?

ఆ ఉచిత ఖతులలో ఒకదాని పేరు "గిడుగు". ఆ పేరు చూసినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పనిచేసిన పర్లాకిమిడి మా గుణుపురం రైలు మార్గంలోనే ఉన్నది. ఇవాళ అది ఒడిశాలోని గజపతి జిల్లా. ఆయన అక్కడ ఉపాధ్యాయుడిగా ఉండి సవరల భాష నేర్చుకున్నారు, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం వెలువరించారు, తెలుగు పిల్లవాడు తన నోటి మాటనే వ్రాసుకోవాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆయన పేరిట ఖతి ఉన్నది, ఆయన పేరిట పండుగ ఉన్నది. ఆయన నడిచిన నేల మీద పిల్ల వ్రాసిన ఒత్తు మాత్రం పెట్టెలో కనబడదు. సవర పిల్లల పరిస్థితి ఇంకా దయనీయం. వారి సొరంగ్ సొంపెంగ్ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికిందే 2012లో. యాప్ తనతో ఆ ఖతిని తీసుకురాకపోతే చాలా ఫోనులలో ఆ పిల్లలకు కనబడేవి ఖాళీ చదరాలు.

మేము ఈ నేలకు నిన్న వచ్చిన అతిథులం కాము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సంవత్సరానికి లక్ష రూపాయల చొప్పున విరాళమిచ్చిన విద్యాపోషకుడు. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుండి విడివడి రాయగడ జిల్లా అయింది. ఎల్లలు మారాయి, ఇళ్ళలో మాట మారలేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయం కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం చెబుతున్నది. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోట కనీసం ఐదవ తరగతి వరకు మాతృభాషే మాధ్యమంగా ఉండాలన్నది. మన దేశంలో అమ్మే ఫోనులు భారతీయ భాషల అక్షరాలను చూపగలగాలని, హిందీ, ఇంగ్లీషులతో పాటు మరొక భారతీయ భాషలోనైనా వ్రాసే వీలు ఉండాలని 2016లో ఐఎస్ 16333 అనే ప్రమాణం వచ్చింది. రాజ్యాంగం ఇచ్చింది, ప్రమాణం ఇచ్చింది, ఫోను ఇచ్చింది. చివరన యాప్‌లోని పెట్టె ఇవ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత ఇటువంటి సందర్భం కోసమే పుట్టింది.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడిన నాటి నుండి ఫోనే పలక అయింది. ఆనాడు పలక లేని పిల్లలను గురించి అందరూ మాట్లాడారు, అది న్యాయం. పలక ఉండి, దాని మీద వ్రాసిన గీత కనబడని పిల్లలను గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇక మన ఇంటి తప్పులు. తెలుగు ఉపాధ్యాయుల బృందాలలో వచ్చే సందేశాలు ఒకసారి తెరిచి చూడండి. సగం ఇంగ్లీషు అక్షరాలలో ఉంటాయి. మిగిలినవాటిలో చాలాభాగం చేతివ్రాత ఫోటోలు. ప్రశ్నపత్రాలు ఇప్పటికీ పాత డీటీపీ ఖతులలో కొట్టించి, ఫోనులో అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు గుర్తులుగా మారినప్పుడు ఆశ్చర్యపోతాము. ఆ ఖతులు తెలుగు బొమ్మను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో దాచినవి. ఖతి పోతే తెలుగు పోతుంది. మనమే పెట్టెలో తెలుగు వ్రాయకపోతే, పెట్టె చెడ్డదని తయారీదారుకు ఎలా తెలుస్తుంది? "తెలుగులో వ్రాసేవారెవరూ లేరండీ" అని అతడు అంటే ఆ సాక్ష్యం మనమే అతని చేతికి ఇచ్చాము.

కనుక యాప్‌లు తయారుచేసేవారినీ, వాటిని పాఠశాలలకు ఎంపిక చేసే అధికారులనూ నేను అడిగేది ఇది.

1. పాఠానికి పెట్టిన ఖతినే వ్రాసే పెట్టెకూ పెట్టండి. ఆ ఖతిని యాప్‌తో పాటే ఇవ్వండి, ఫోను దయకు వదలకండి.

2. పెట్టె ఎత్తును బిగించకండి. అక్షరాన్ని బట్టి పెట్టె పెరగాలి.

3. ఖతినీ పరిమాణాన్నీ మార్చుకొనే వీలు ఉపాధ్యాయుడికీ, పిల్లకూ ఇవ్వండి. కానీ ముందుగా ఉండేది చదవదగినదై ఉండాలి. శీర్షికలకు చేసిన లావుపాటి ఖతులను పసిపిల్లల పెట్టెలో పెట్టకండి.

4. పేరు పొడవును అక్షరాలతో లెక్కించండి, యంత్రపు గుర్తులతో కాదు.

5. గుణింతాన్నీ, పొల్లునూ, కనబడని విభజన గుర్తునూ తోసివేసే నియమాలను తొలగించండి.

6. ఒడిశాలో వాడే ఏ విద్యా యాప్‌నైనా ఒడియాలోనూ, అల్పసంఖ్యాక భాషలలోనూ వ్రాయించి చూసిన తరువాతనే ఆమోదించండి. చదివించి చూస్తే చాలదు.

పాఠక మిత్రులకు ఒక పని అప్పగిస్తున్నాను. అవ్వ, పిల్లి, చెట్టు, కీర్తి, ఫలము, స్త్రీ, రాష్ట్రము, జ్యోత్స్న, రాజ్‌కుమార్, బిస్సంకటక్. ఈ పది మాటలను కాగితం మీద వ్రాసుకోండి. మీ పిల్లలు వాడే ప్రతి యాప్‌లోని ప్రతి పెట్టెలో ఈ పదింటినీ వ్రాసి చూడండి. ఎక్కడ ఏ ఒత్తు తెగిందో, ఏ గుడి ఎగిరిపోయిందో తెర ఫోటో తీసి ఆ తయారీదారుకు పంపండి. ఒకసారి పంపితే పట్టించుకోరు. పదిమంది పదిసార్లు పంపితే పట్టించుకోక తప్పదు. ఉత్తరం తెలుగులోనే వ్రాయండి, ఆ ఉత్తరం వ్రాసే పెట్టె కూడా పరీక్షకు వస్తుంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మనవి. తెర మీద తప్పు కనబడినప్పుడు ఎర్రసిరా తీయకముందు, ఆ వాక్యాన్ని మరొకచోట అతికించి చూడండి. "పెట్టాను మాస్టారూ" అని పిల్ల అన్నప్పుడు నమ్మండి. నేను నమ్మలేదు. ఆ పాప మరునాడు నా వైపు చూసి నవ్వింది గానీ, ఆ తరువాత చాలా రోజులు ఒత్తులున్న మాట వ్రాసినప్పుడల్లా ఫోనును వంచి, కింద నుండి తొంగిచూసేది, పెట్టె అడుగున ఒత్తు ఉన్నదేమోనని. ఆ చూపు నేను మరువలేకుండా ఉన్నాను.

మీ అనుభవాలు తెలియజేయగలరు. సెలవు.